లెసోతో నిజంగా వేరే దేశమేనా? దాని బతుకు దేనిమీద?

మీరు అడిగింది ఇదీ: మీ అబ్బాయికి లెసోతో రాజధాని మసేరులో అకౌంటెంట్ ఉద్యోగం వచ్చింది. మ్యాప్‌లో చూస్తే లెసోతో చుట్టూ సౌతాఫ్రికాయే ఉంది. అది నిజంగా వేరే దేశమేనా, ఏం అమ్ముకుని బతుకుతుంది, ప్రభుత్వం నిలకడగా ఉంటుందా, ఇన్ని తిప్పలు పడే బదులు సౌతాఫ్రికాలో కలిసిపోవచ్చు కదా అని. నేను మసేరులో, థెట్సానే ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ అకౌంట్సూ ఎగుమతి కాగితాలూ 9 ఏళ్ళు చూశాను. వచ్చేశాక కూడా అక్కడివాళ్ళతో వాట్సాప్‌లో మాట్లాడుతూనే ఉంటాను. ఆ దేశమంటే నాకు ప్రేమ ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. రాయడం లెసోతో అని రాసినా, పలకడం దాదాపు ‘లెసూతూ’ అని పలుకుతారు. అక్కడి జనం బసోతోలు, వాళ్ళ భాష సెసోతో. అవును, అది పూర్తిగా వేరే దేశమే. 1966 అక్టోబర్ 4న బ్రిటిష్‌వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. రాజు, పార్లమెంటు, సైన్యం, కరెన్సీ అన్నీ ఉన్నాయి. విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. జనం 20 లక్షల పైచిలుకు. మొత్తంగా ఒకే దేశం మధ్యలో చిక్కుకుని ఉన్న దేశాలు ప్రపంచంలో మూడే, మిగతా రెండూ ఇటలీలోని వాటికన్, శాన్ మరీనో.

భూమి సంగతి అర్థమైతే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. లెసోతోలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్ర మట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రపంచంలో ఇలాంటి దేశం ఇంకోటి లేదు. తూర్పున డ్రాకెన్స్‌బర్గ్, మధ్యలో మలూటి కొండలు. థబానా న్ట్లెన్యానా శిఖరం 3,482 మీటర్లు. పడమట అంచున మాత్రం సన్నటి మైదానం ఉంది. మసేరు, మపుట్స్వే లాంటి ఊళ్ళూ, జనంలో ఎక్కువమందీ ఆ అంచు మీదే ఉన్నారు. దున్నుకోగలిగే నేల దేశంలో దాదాపు పదో వంతే. ఉన్నదాన్ని కూడా వానలు కోసేస్తుంటాయి. పొలాల మధ్య మనిషి లోతు, రెండు మనుషుల లోతు గండ్లు పడి ఉంటాయి, వాటిని ‘డొంగా’ అంటారు. మొదటిసారి చూసినప్పుడు ఎవరో కావాలని తవ్వారనుకున్నాను.

ఇంత కొండ ప్రాంతంలో వాళ్ళెందుకు స్థిరపడ్డారు అని మీకు అనిపించవచ్చు. మంచి నేల వాళ్ళకీ ఉండేది. 1820లలో యుద్ధాలతో, కరువులతో చెల్లాచెదురైన జనాన్ని మొష్వేష్వే అనే నాయకుడు చేరదీశాడు. 1824లో థాబా బొసియు అనే బల్లపరుపు కొండ మీద కాపురం పెట్టి, అక్కడి నుంచే బసోతో జాతిని నిలబెట్టాడు. ఆ తర్వాత పడమటి నుంచి బోయర్లు, అంటే డచ్ మూలాలున్న తెల్ల రైతులు వచ్చారు. 1858లోనూ, 1865 నుంచి 1868 దాకానూ పక్కనే ఫ్రీ స్టేట్ అనే రాజ్యం పెట్టుకున్న ఆ బోయర్లతో జరిగిన యుద్ధాల్లో మొహొకారే నదికి అవతల ఉన్న సారవంతమైన నేలంతా పోయింది. ఉన్నదైనా మిగలాలని మొష్వేష్వే 1868లో బ్రిటిష్ రక్షణ తీసుకున్నాడు. మరుసటేడు ఒప్పందంలో ఆ నదే సరిహద్దుగా ఖాయమైంది. ఇంగ్లీషులో దాన్నే కాలెడన్ అంటారు. మసేరు బ్రిడ్జి మీద నిలబడితే ఆ నది చిన్న వాగులా కనిపిస్తుంది. అవతల సౌతాఫ్రికాలోని లేడీబ్రాండ్ ఊరి వైపు కనుచూపు మేర గోధుమ, మొక్కజొన్న చేలు ఉంటాయి. మా ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన అటు చూపించి “అది మా తాతల పొలం” అనేవాడు. ఆయన తాత పుట్టక ముందే పోయిన పొలం అది. 2023లో ఒక ప్రతిపక్ష సభ్యుడు ఆ భూములు తిరిగి మావేనని ప్రకటించాలంటూ పార్లమెంటులో తీర్మానం పెట్టాడు. అయ్యే పని కాదని అందరికీ తెలుసు, కానీ ఎవరూ కొట్టిపారేయలేదు.

మీ అసలు ప్రశ్న, దాని బతుకు దేనిమీద అన్నది. నాకు అర్థమైనంతలో, లెసోతో చరిత్రంతా ఆ సరిహద్దు గేటు దాటి ఏం బయటికి వెళ్ళిందన్న లెక్కే. మొదట ధాన్యం వెళ్ళింది. 1870లలో కింబర్లీలో వజ్రాల గనులు తెరిచినప్పుడు అక్కడి కూలీలకు బసోతో రైతులే జొన్నలు, గోధుమలు అమ్మారు. 1885లో కింబర్లీకి రైలు వచ్చింది, విదేశీ ధాన్యం చవగ్గా దిగింది, ఆ బేరం చచ్చిపోయింది. 

తర్వాత మనుషులు వెళ్ళారు. వందేళ్ళ పాటు బసోతో మగవాళ్ళు సౌతాఫ్రికా బంగారు గనుల్లో దిగారు. 1990 ప్రాంతంలో ఆ సంఖ్య 1,20,000 దాకా ఉండేది. దేశ జనాభా అప్పటికి 20 లక్షల లోపే, కాబట్టి ఊరూరా పనిచేసే వయసు మగవాళ్ళు లేని ఇళ్ళే. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలు చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బంగారం ధర పడిపోయి, గనులు లోతై, ఖర్చు పెరిగి, ఆ ఉద్యోగాలు ఏటేటా తరిగిపోయాయి. ఈస్టర్ ముందు రోజుల్లో మాత్రం బ్రిడ్జి మీద ఇప్పటికీ రద్దీ ఉంటుంది. తలల మీద దుప్పట్ల మూటలు, చేతుల్లో చిన్న టీవీలు, స్టవ్‌లు, పిల్లల సైకిళ్ళు పట్టుకుని గంటల తరబడి నిలబడతారు.

గనులు డబ్బుతో పాటు జబ్బులూ ఇంటికి పంపాయి. రాతి ధూళితో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్, దాని వెంట టీబీ. ఏడాదికి పదకొండు నెలలు హాస్టళ్ళలో ఉండే మగవాళ్ళు, ఊళ్ళో ఒంటరిగా ఉండే భార్యలు, ఈ ఏర్పాటులో హెచ్‌ఐవీ చాలా త్వరగా పాకింది. ఇప్పుడు పెద్దవాళ్ళలో సుమారు అయిదుగురిలో ఒకరికి అది ఉంది. మందులు బాగా అందడం వల్ల మరణాలు తగ్గాయి, ఆ విషయంలో లెసోతో చేసిన పని చాలా గొప్పది. మా పక్కింట్లో ఒక మాజీ గని కార్మికుడు ఉండేవాడు. చలికాలం తెల్లవారుజామున ఆయన దగ్గు గోడ అవతల నుంచి వినిపించేది. సౌతాఫ్రికా కోర్టు 2019లో గనుల కంపెనీలతో ఒక పరిహారం ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో లెసోతో కార్మికులు కూడా ఉన్నారు. ఆయన మాత్రం అప్పటికే పోయారు.

మగవాళ్ళ ఉద్యోగాలు పోతున్న కాలంలోనే ఆడవాళ్ళకి కుట్టు ఫ్యాక్టరీలు వచ్చాయి. నా అన్నం ఇందులోంచే వచ్చింది కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. 2000లో అమెరికా ‘అగోవా’ అనే చట్టం తెచ్చింది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే వస్తువులకి సుంకం లేదు. పేద దేశాలకి ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చింది: గుడ్డ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ఫరవాలేదు, కుట్టడం అక్కడ జరిగితే చాలు. దాంతో తైవాన్, చైనా యజమానులు మసేరు, మపుట్స్వేలలో షెడ్లు వేశారు. గుడ్డ తాన్లు డర్బన్ ఓడరేవులో దిగి, లారీల మీద మా దగ్గరికి వచ్చేవి. జీన్స్, టీషర్ట్‌లుగా మారి మళ్ళీ డర్బన్ వెళ్ళేవి. 2004 నాటికి దాదాపు 50 వేలమందికి అందులో పని దొరికింది. దేశంలో ప్రభుత్వం బయట అంత పెద్ద ఉపాధి ఇంకోటి లేదు. 2005 జనవరిలో ప్రపంచ వస్త్ర వ్యాపారంలో ఏ దేశం ఎంత అమ్మాలన్న కోటాలు ఎత్తేయగానే కొందరు యజమానులు క్రిస్మస్ సెలవులకి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ దెబ్బ తర్వాత రంగం కుదురుకుంది గానీ ఆ భయం పోలేదు. నేను చేరినప్పుడు కూడా ప్రతి డిసెంబర్‌లో లైన్ మీద అమ్మాయిలు “జనవరిలో తెరుస్తారా?” అని నన్ను అడిగేవారు. అకౌంట్స్ మనిషికి ముందే తెలుస్తుందని వాళ్ళ నమ్మకం.

పొద్దున ఆరున్నరకి థెట్సానే గేట్ల దగ్గర చూడాలి. లోపల పని ఉన్నవాళ్ళు వెళ్ళిపోయాక కూడా బయట వందల మంది ఆడవాళ్ళు దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉంటారు. సూపర్‌వైజర్ బయటికి వచ్చి “ఇవాళ ఓవర్‌లాక్‌కి (అంచులు కుట్టే మెషీన్‌కి) ముగ్గురు కావాలి” అంటాడేమోనని. ఎవరూ రాకపోతే తొమ్మిదింటికి మెల్లగా చెదిరిపోతారు. జూన్ నెల చలిలో కూడా ఇదే.

2025లో ఈ రంగం మీద పడ్డ పిడుగు గురించి మీరు వినే ఉంటారు. మార్చిలో ట్రంప్ అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడుతూ లెసోతోని ఎవరూ పేరు కూడా వినని దేశమన్నారు. ఏప్రిల్‌లో 50 శాతం సుంకం ప్రకటించారు, ఆ జాబితాలో అదే అత్యధికం. లెసోతో అమెరికాకి జీన్స్, వజ్రాలు అమ్ముతుంది, అమెరికా నుంచి దాదాపు ఏమీ కొనదు, ఆ తేడాని బట్టే సుంకం లెక్కగట్టారు. బట్టలు కుట్టి బతికే మనిషి అమెరికా వస్తువులు ఎక్కడ కొనగలదు? ఆగస్టులో దాన్ని 15 శాతానికి తగ్గించారు, కానీ ఈలోపే ఆర్డర్లు ఆగిపోయాయి. 2025 జూలైలో ప్రభుత్వం నిరుద్యోగం మీద రెండేళ్ళ జాతీయ విపత్తు స్థితి ప్రకటించింది. నాతో పనిచేసిన లైన్ సూపర్‌వైజర్ ఒకామె ఇప్పుడు బస్టాండ్ దగ్గర మక్కెన్లు కాల్చి అమ్ముతోంది. మీ అబ్బాయి ఉద్యోగం గార్మెంట్స్‌లో అయితే, ఆ కంపెనీ ఆర్డర్లు అమెరికావా, సౌతాఫ్రికావా అన్నది తప్పకుండా కనుక్కోమనండి. సౌతాఫ్రికా దుకాణాలకి కుట్టే ఫ్యాక్టరీలు కొంచెం గట్టిగా ఉన్నాయి, సౌతాఫ్రికాతో కస్టమ్స్ యూనియన్ (ఉమ్మడి సుంకాల కూటమి) ఉండటం వల్ల వాటికి సుంకం గొడవ లేదు.

ఇక నీళ్ళు. లెసోతో దగ్గర ఉన్న నిజమైన ఆస్తి ఇదే. ఎత్తున ఉండటం సాగుకి శాపమే గానీ, నీటి విషయంలో అదే వరం. 1986 అక్టోబర్‌లో సౌతాఫ్రికాతో ఒప్పందం కుదిరింది. కాట్సే డ్యామ్ ఎత్తు 185 మీటర్లు, మన శ్రీశైలం 145. కాట్సేలో దాదాపు 69 టీఎంసీలు పడతాయి. పక్కనే మొహాలే డ్యామ్. అక్కడి నుంచి కొండల్ని తొలిచి వేసిన సొరంగాల్లో నీళ్ళు పంపు లేకుండా, వాలు మీదే 80 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సౌతాఫ్రికాలో ఒక నదిలో పడతాయి. జొహానెస్‌బర్గ్ కొళాయిల్లో వచ్చే నీళ్ళలో ఇవీ కలిసి ఉంటాయి. 1998 నుంచి పోతున్నాయి, ఏడాదికి సుమారు 27 టీఎంసీలు. రెండో దశలో పొలిహాలి డ్యామ్ కడుతున్నారు.

రాయల్టీ లెక్క అకౌంటెంట్‌గా నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. సౌతాఫ్రికా అవే నీళ్ళని తన భూభాగంలో కింద నుంచి పైకి ఎత్తిపోసుకుంటే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి, లెసోతో దారిలో వచ్చినందుకు మిగిలిన సొమ్ములో 56 శాతం లెసోతోకి, 44 శాతం సౌతాఫ్రికాకి అని రాసుకున్నారు. అదనంగా దారిలో మువేలా దగ్గర 72 మెగావాట్ల కరెంటు లెసోతోది. మిగతా కరెంటులో ఎక్కువ భాగం కొనుక్కోవాల్సిందే. ఈ ప్రాజెక్టులో లంచాల కేసు కూడా ప్రపంచమంతా చదివిందే. ప్రాజెక్టు సంస్థ ముఖ్య అధికారికి 2002లో జైలు శిక్ష పడింది, లంచం ఇచ్చిన విదేశీ కంపెనీలను కూడా దోషులుగా తేల్చి జరిమానా వేశారు. ఇంత చిన్న దేశపు కోర్టులు అంత పెద్ద కంపెనీల మీద ఆ పని చేశాయి. దాని గురించి ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలని నా అభిప్రాయం. బాధ కలిగించే సంగతి ఒకటుంది: కాట్సే రిజర్వాయర్‌కి పైన ఉన్న ఊళ్ళలో ఆడవాళ్ళు బకెట్లతో ఊటల దగ్గరికి నడిచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. కింద లోయలో కిలోమీటర్ల పొడవున నీలం రంగు నీళ్ళు నిండి ఉన్నాయి.

వజ్రాలూ ఉన్నాయి. లెట్సెంగ్ గని 3,100 మీటర్ల ఎత్తున ఉంది. వంద టన్నుల రాయి పిండి చేస్తే రెండు క్యారెట్లు కూడా రావు, కానీ వచ్చేవి పెద్దవి. 2018లో 910 క్యారెట్ల రాయి దొరికింది, 4 కోట్ల డాలర్లకి అమ్మారు. ప్రభుత్వానికి గనిలో 30 శాతం వాటా ఉంది. ఉద్యోగాలు మాత్రం తక్కువే. గొర్రెల ఉన్ని, మొహెయిర్ అనే మేకల బొచ్చు కొండల్లోని ఇళ్ళకి డబ్బు తెస్తాయి. గొర్రెలు కాసేది చిన్న మగపిల్లలు కావడంతో ఆడపిల్లల చదువు మగపిల్లల కంటే ముందుంది. ఆఫ్రికాలో ఇది అరుదు.

ప్రభుత్వానికి అన్నిటికన్నా పెద్ద రాబడి వీటిలో ఏదీ కాదు. 1910 నుంచి నడుస్తున్న దక్షిణాఫ్రికా కస్టమ్స్ యూనియన్‌లో సౌతాఫ్రికా, బోత్స్వానా, నమీబియా, ఎస్వతీనిలతో పాటు లెసోతో ఉంది. ఓడరేవుల్లో వసూలైన సుంకాన్ని ఒక సూత్రం ప్రకారం పంచుకుంటారు. బడ్జెట్ రాబడిలో ఆ వాటా కొన్నేళ్ళు సగం దాకా వెళ్తుంది. సౌతాఫ్రికాలో దిగుమతులు పడిపోతే ఇక్కడ టీచర్ల జీతాలకి వెతుక్కోవాలి. 2009 మాంద్యం తర్వాత అదే జరిగింది. 

ఇంత చదివాక మీకు ప్రభుత్వం ఎందుకు ఊగుతుందో తెలిసిపోయి ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగాలు లేని చోట గెలిచిన పార్టీయే ఉద్యోగాలిచ్చేది. కాబట్టి పదవి కోసం పార్టీలు చీలుతూనే ఉంటాయి. 1997లో సొంత పార్టీలో గొడవ వస్తే ప్రధాని మొఖెహ్లే పార్లమెంటులోనే కొత్త పార్టీ పెట్టి, మెజారిటీ సభ్యుల్ని వెంటబెట్టుకుని, ప్రధానిగానే కొనసాగాడు. ఫిరాయింపులు మనకి కొత్త కాదు గానీ ఇది మాత్రం నేను ఇంకెక్కడా వినలేదు. మరుసటేడు ఎన్నికల్లో ఆ కొత్త పార్టీ 60 శాతం ఓట్లతో 80కి 79 సీట్లు గెలిచింది. మిగతా 40 శాతం మందికి ఒక్క సీటు. జనం వీధుల్లోకి వచ్చారు, సౌతాఫ్రికా, బోత్స్వానా సైన్యాలు దిగాయి, మసేరు నడిబొడ్డున కింగ్స్‌వే వీధి కాలిపోయింది. సౌతాఫ్రికా సైనికులు కాట్సే డ్యామ్‌కి కూడా వెళ్ళారు. వాళ్ళకి ఏది ముఖ్యమో దాన్నిబట్టే తెలుస్తుంది.

అంత నష్టం జరిగాక బసోతోలు ఒక మంచి పని చేశారు. 2002 నుంచి 120 సీట్లలో 80 నియోజకవర్గాల వారీగా, 40 పార్టీలకి వచ్చిన ఓట్ల నిష్పత్తి ప్రకారం పంచుతున్నారు. దానివల్ల అన్ని పక్షాలకీ చోటు దొరికింది, 2012 నుంచి సంకీర్ణాలు మొదలయ్యాయి. 2012 నుంచి 2022 దాకా ఏ ప్రధానీ పూర్తిగా 5 ఏళ్ళు ఉండలేదు. 2014 ఆగస్టు 30న, ఒక శనివారం పొద్దున, నేను రేడియో పెడితే ఏ స్టేషనూ రాలేదు, ఫోన్లూ పనిచేయలేదు. సైన్యం పోలీస్ స్టేషన్ల మీద పడింది, ప్రధాని థబానే సరిహద్దు దాటి వెళ్ళిపోయారు. ఆ రెండు రోజులు టెన్షన్‌తో ఇంట్లోనే కూర్చున్నాం. సోమవారం ఫ్యాక్టరీకి వెళ్తే మెషీన్లు నడుస్తూనే ఉన్నాయి. రాజకీయం ఎంత ఊగినా రోజువారీ జీవితం అలా సాగిపోతుంది. 2022లో శామ్ మాటెకానె అనే వ్యాపారవేత్త ఎన్నికలకి కొద్ది నెలల ముందు పార్టీ పెట్టి 56 సీట్లు గెలిచి, రెండు చిన్న పార్టీలతో కలిసి ప్రధాని అయ్యారు.

రాజు మూడో లెట్సియే. ఆయనకి పాలనాధికారం లేదు, గౌరవం చాలా ఉంది. ఎగువ సభలో 33 మంది, అందులో 22 మంది వంశపారంపర్య ప్రధాన నాయకులు. ఊళ్ళో కూడా ‘చీఫ్’ మాట ఇంకా నడుస్తుంది. పశువు తప్పిపోయినా, గట్టు తగాదా వచ్చినా ముందు అక్కడికే వెళ్తారు. ఇంత పేద దేశం 2004లోనే 70 ఏళ్ళు దాటినవాళ్ళకి తన సొంత డబ్బుతో పింఛను మొదలుపెట్టింది. తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని ఆ డబ్బుతో పెంచే అమ్మమ్మలు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు.

సౌతాఫ్రికాలో కలిసిపోవచ్చు కదా అన్నారు. ఆ మాట అక్కడ కూడా కొందరు అంటారు. కానీ గుర్తు చేసుకోండి, 1910లో సౌతాఫ్రికా యూనియన్ ఏర్పడ్డప్పుడు ‘మేం కలవం’ అని బసోతోలు గట్టిగా నిలబడ్డారు. కలిసి ఉంటే వర్ణవివక్ష పాలన కిందికి వెళ్ళేవాళ్ళు. బయట ఉండటం వల్లే అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఆశ్రయం ఇవ్వగలిగారు. దానికి మూల్యం కూడా కట్టారు: 1982 డిసెంబర్‌లో సౌతాఫ్రికా సైన్యం రాత్రిపూట మసేరులోకి వచ్చి 42 మందిని చంపింది. 1986 జనవరిలో సరిహద్దు మూసేస్తే మూడు వారాల్లో ప్రభుత్వమే పడిపోయింది. ఇంత పోగొట్టుకుని నిలబెట్టుకున్న దేశాన్ని లాభనష్టాల లెక్క చూసి వదులుకోమని నేను చెప్పలేను. మనవాళ్ళకి సంబంధించిన చిన్న సంగతి కూడా ఉంది. సౌతాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళతో సహా భారతీయులెవరూ పక్కనే ఉన్న ఫ్రీ స్టేట్‌లో నివసించకూడదని 1891లో చట్టం చేశారు, అది 1980ల దాకా ఉంది. లెసోతోలో మాత్రం బుథా-బుథే ఊళ్ళో భారతీయ వ్యాపార కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి.

మీ అబ్బాయికి చెప్పాల్సినవి కొన్ని. విమానాలన్నీ జొహానెస్‌బర్గ్ మీదుగానే. లెసోతో వీసాతో పాటు సౌతాఫ్రికాకి మల్టిపుల్ ఎంట్రీ వీసా తీసుకోమనండి. నేను అది లేకుండా వెళ్ళి, పంటి డాక్టర్ కోసం 20 కిలోమీటర్ల దూరంలోని లేడీబ్రాండ్‌కి కూడా వెళ్ళలేక ఐదు నెలలు ఇబ్బంది పడ్డాను. జూన్, జూలైలలో మంచు పడుతుంది, ఇళ్ళలో హీటింగ్ ఉండదు, మంచి దుప్పటి అక్కడే కొనుక్కోవాలి. రాత్రిపూట ఒంటరిగా నడవకూడదు, నేరాలు నిజంగానే ఎక్కువ. పలకరింపు మాత్రం త్వరగా నేర్చుకోమనండి. మగవాళ్ళని ‘న్టాటే’, ఆడవాళ్ళని ‘మ్మే’ అంటారు, అంటే నాన్న, అమ్మ. ఆఫీసు బాస్ అయినా, వాచ్‌మన్ అయినా అదే పిలుపు. “లుమేలా న్టాటే” అనకుండా నేరుగా పని చెబితే మొహం మాడ్చుకుంటారు, అందులో తప్పు మనదే.

జీతం లెసోతో కరెన్సీ ‘లోటి’లో వస్తుంది, బహువచనం మలోటి. ఒక లోటి ఎప్పుడూ ఒక సౌతాఫ్రికా ర్యాండే, లెసోతోలో రెండూ ఒకే దుకాణంలో చెల్లుతాయి. కానీ బ్రిడ్జి దాటాక మలోటి ఎవరూ తీసుకోరు. అందుకని సెలవుకి ఇంటికి వచ్చే ముందు జేబులో ఉన్నదంతా మసేరులోనే ర్యాండ్లుగా మార్చుకోమనండి.